గేటు బయట కారు

వీధిలో అందరూ అతన్ని ఇంజనీరు అంటారు. చదివినందుకు కాదు, చదవకుండానే అన్నీ విప్పేస్తున్నందుకు. ఉద్యోగం ఓ ఆఫీసులో కౌంటరు వెనక కూర్చుని రసీదులు చింపడం. ఇంటికొచ్చాక మాత్రం మిక్సీ, ఫ్యాను, గోడ గడియారం, దేన్నీ వదలడు. బిగించాక రెండు స్క్రూలు మిగలకపోతే అతనికే అనుమానం వచ్చేది. "తయారుచేసేవాళ్ళు ఎక్కువ వేస్తారులే" అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు.

అలాంటివాడు కారు మీద పడ్డాడు.

అది వాళ్ళ నాన్న కారు. గేటు బయట, ప్రహరీ గోడ పక్కన, రేకుల పందిరి కింద పద్నాలుగేళ్ళుగా పడి ఉంది. అమ్మ పోయిన నెలకి, ఓ సాయంత్రం నాన్న దాన్ని అక్కడే ఆపి, తాళం జేబులో వేసుకుని నడిచి లోపలికొచ్చాడు. మళ్ళీ ఎక్కలేదు. లోపలికీ తేలేదు. ఎందుకు నాన్నా అంటే కళ్ళెర్రజేశాడు. ఆ కళ్ళ ముందు రెండో ప్రశ్న వేసిన మగాడు ఆ ఇంట్లో పుట్టలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఆయనా పోయాడు.

జనం పాత కార్లని ప్రేమతో బాగుచేస్తారంటారు. ఇంజనీరుది ప్రేమ కాదు, కక్ష. ఆ డ్రైవరు సీట్లో అతన్ని ఒక్కసారి కూడా కూర్చోనివ్వలేదు ఆయన. "నీ చేతికి సైకిలే ఎక్కువ" అనేవాడు, బంధువుల ముందు, నవ్వుతూ. అందుకే ఆ సీట్లో తను కూర్చోవాలి, ఆ కారుని తనే గేటు లోపలికి తేవాలి. చచ్చినవాడి మీద పంతమేమిటని మీరడగొచ్చు. బతికుండగా ధైర్యం చాలలేదు మరి.

నాలుగు నెలల ఆదివారాలు తుప్పుకే పోయాయి. కాళ్ళు పెట్టుకునే చోట నేల రేకు లేదు, రేకు జ్ఞాపకం మాత్రం ఉంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే బిస్కెట్టులా విరిగింది. తుప్పు పట్టినంత మేరా కోసి, కొత్త రేకు కత్తిరించి, అద్దెకు తెచ్చిన వెల్డింగ్ మిషనుతో అతికించబోతే, అతుకు పక్కన ఇంకో చిల్లు. చిల్లు మూయబోతే దాని పక్కన మరొకటి. చివరికి చిల్లుల మధ్య కారు వెతుక్కోవాల్సి వచ్చింది. అయినా వదల్లేదు. మంచి రేకు తగిలేదాకా కోసి, అతికించి, గీకి, మళ్ళీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు పూశాడు.

తర్వాత వైరింగు. బజారులో ముప్ఫై ఏళ్ళుగా కార్ల కరెంటు పని చేస్తున్న మేస్త్రీ ఒకాయన ఫోనులో సలహాలు చెప్పేవాడు. ఆయన చెప్పినట్టే ప్రతి వైరుకీ కాగితం చీటీ కట్టి నంబరు వేశాడు. ఓ ఆదివారం మధ్యాహ్నానికి అన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. స్టీరింగు కింద, చెయ్యి దూరని మూలలో, తెగిన వైరు రెండు కొసలు. ప్లయరుతో కోసినట్టు లేదు. కత్తితో నరికినట్టుంది. ఒక్కో కొసకి గుడ్డ, దాని మీద టేపు, దాని మీద మళ్ళీ గుడ్డ, బొటనవేలంత లావున చుట్టి ఉంది.

"ఏ దద్దమ్మ చేశాడో ఈ పని!" అనుకున్నాడు ఇంజనీరు. తనకన్నా అధ్వాన్నమైన పనివాడు లోకంలో ఉన్నాడని తెలిస్తే మనిషికి ఎంత ఊరట! టేపు విప్పి, కొసలు గీకి, మెలేసి కలిపాడు. వైరింగు పటంలో చూస్తే అది హారను వైరు.

భార్య వాళ్ళ చెల్లెలింటికి వెళ్తూ గేటు దగ్గర ఆగింది.

"ఏమండీ, వర్షం వచ్చేలా ఉంది. లోపలికి రండి."

"ఇవాళ దీన్ని లోపలికి తెచ్చాకే వస్తాను."

"పోనీ, కార్లోనే కాపురం పెట్టండి. సాయంత్రానికి వస్తాను, కరెంటు షాకు కొట్టకుండా ఉండండి" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

ఇంట్లో ఎవరూ లేరు. మబ్బు కమ్మి పట్టపగలే పందిరి కింద చీకటి పడింది. తడిమట్టి వాసన, ఆక్సైడు వాసన, పాత సీట్ల ముక్కిన వాసన. బ్యాటరీ పక్కన నేల మీదే ఉంది, ఇంకా కలపలేదు. అతను కారు కింద వెల్లకిలా పడుకుని బోల్టు బిగిస్తున్నాడు.

హారను మోగింది.

ఒక పొడుగు. రెండు పొట్టి.

తల లేచి రేకుకి కొట్టుకుంది. నొప్పి కన్నా ముందు ఒళ్ళు మండింది. ఆ మోత అతనికి తెలుసు. రోజూ సాయంత్రం నాన్న వస్తే గేటు ముందు అదే మోత. అది వినపడగానే అమ్మ చేతిలో పని వదిలేసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరుగెత్తేది. వానైనా, జ్వరమైనా. ఒకసారి చిన్నప్పుడు తను ముందు పరుగెత్తి గేటు తీశాడు. ఆయన కారు కదపలేదు. "నువ్వు కాదు. మీ అమ్మ" అన్నాడు. గేటు మూయించి, మళ్ళీ హారను కొట్టాడు.

బయటికి పాకి మేస్త్రీకి ఫోను చేశాడు.

"హారను దానంతటదే మోగుతోంది మేస్త్రీ."

"వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది ఇంజనీరు గారూ. బ్యాటరీ పీకెయ్యండి."

"బ్యాటరీ కింద ఉంది. ఇంకా కలపనే లేదు."

"అయితే మోగింది కారు కాదండీ, మీ చెవి. మంచినీళ్ళు తాగి పడుకోండి."

ఫోను పెట్టేలోపే మళ్ళీ మోగింది. ఒక పొడుగు, రెండు పొట్టి. ఈసారి గోడకి అవతల, ఇంటి లోపలి నుంచి అడుగుల చప్పుడు. వట్టి కాళ్ళు. గబగబా... గాజులు గలగలమంటూ... వంటింటి వైపు నుంచి వరండా దాటి, మెట్లు దిగి, గేటు దాకా.

గేటుకి అడ్డంగా పెట్టిన ఇనపకడ్డీ మెల్లగా పైకి లేచింది. అవతల ఎవరూ కనపడలేదు. కడ్డీ మీద మాత్రం తడి వేళ్ళ గుర్తులు.

అతనికి భయం వేయాలి. కానీ ముందొచ్చింది కోపం. నలభై ఏళ్ళుగా మింగిన కోపం. చచ్చాక కూడా పరుగులేనా ఆవిడకి? ఆ వైరు ఎవరు నరికారో, కారు బయటే ఎందుకు ఉండిపోయిందో ఇప్పుడు అర్థమైంది. అమ్మ పోయాక కూడా ఆయన హారను కొట్టి ఉంటాడు. తీసేవాళ్ళు లేకుండానే గేటు తెరుచుకుని ఉంటుంది. దద్దమ్మ ఎవరో కూడా తెలిసింది. నరికిన వైరుని కలిపినవాడు.

"అమ్మా, తియ్యకు!" అని అరిచి కడ్డీ మీద బలంగా చెయ్యి వేసి కిందికి నొక్కాడు. చల్లగా ఉంది. అవతలి బరువు తగ్గింది.

హారను మళ్ళీ మోగింది. ఈసారి ఆగకుండా.

అతను కారు వైపు తిరిగాడు. బతికుండగా అననిదంతా గొంతులోకి వచ్చింది.

"ఏం, నీ చేతులు పడిపోయాయా? కావాలంటే నువ్వే దిగి తీసుకో!"

మోత ఆగిపోయింది.

వాన మొదలైంది. రేకుల మీద ఒక్కో చినుకు... ఒక్కో చినుకు. గెలిచాననుకున్నాడు ఇంజనీరు. ఒక్క క్షణం.

డ్రైవరు తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. లావుపాటి మనిషి దిగితే లేచినట్టు కారు ఆ పక్క రెండంగుళాలు లేచింది.

గోడకి అవతల వట్టి కాళ్ళు వెనక్కి పరుగెత్తాయి. వరండా దాటి, ఇంట్లోకి. లోపలెక్కడో తలుపు ధడేలుమంది. గడియ పడింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన కారు దిగి గేటు తనే తీసుకున్న రోజు ఒక్కటుంది. అమ్మకి జ్వరం ముదిరి, గేటు దాకా పరుగెత్తలేకపోయింది. ఆయన బూట్లు విప్పకుండా లోపలికి వచ్చాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. పదేళ్ళవాడు తను తలుపు బయట ఉన్నాడు, మెడ మీద నాన్న చెయ్యి. లోపలి నుంచి అమ్మ అడిగింది, ఆయన వెళ్ళిపోయారా అని. మెడ మీద చెయ్యి బిగిసింది. "వెళ్ళిపోయారమ్మా" అన్నాడు తను. అమ్మ నమ్మి తలుపు తీసింది.

ఇంజనీరు పరుగెత్తాడు. హాల్లో తడి బూట్ల గుర్తులు వంటింటి వైపు వెళ్తున్నాయి. వెళ్ళి, వంటింటి ముందు ఆగాయి. అక్కడ తలుపు లేదు. ఆరేళ్ళ కిందట ఇల్లు బాగుచేయించినప్పుడు తలుపు, ద్వారబంధం అన్నీ తీయించేసి ఆర్చిలా వంపు కట్టించారు. అవతల గిన్నెలు, పొయ్యి, కిటికీ, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.

"అబ్బ, ఏం వానండీ!" అంటూ భార్య తడుస్తూ వచ్చింది. చేతిలో సంచి. "అలా రాయిలా నిలబడ్డారేం? తప్పుకోండి" అని వంపులోంచి వంటింట్లోకి అడుగు వేసింది.

ఠక్.

నుదురు పట్టుకుని వెనక్కి పడింది. నుదుటి మీద ఎర్రగా గీత తేలింది. "ఏమండీ... ఇక్కడేముంది?"

ఖాళీ వంపు అవతలి నుంచి, గొంతు బాగా తగ్గించి ఎవరో అడిగారు.

"బాబూ... ఆయన వెళ్ళిపోయారా?"

మెడ మీద బరువు పడింది. అయినా ఈసారి తను పదేళ్ళవాడు కాదు. ఊపిరంతా కూడగట్టుకుని అరిచాడు. లేదమ్మా, ఇక్కడే ఉన్నాడు, తియ్యకమ్మా, తియ్యకు... గొంతు పగిలేదాకా అరిచాడు.

భార్య అతని వైపు వింతగా చూస్తోంది.

"అరిచాను కదా?" అన్నాడు రొప్పుతూ. "తియ్యొద్దని చెప్పాను కదా? విన్నావుగా?"

"మీరు అరవలేదండీ" అంది ఆవిడ, వెనక్కి జరుగుతూ. "చిన్నపిల్లాడిలా మెల్లగా అన్నారు. వెళ్ళిపోయారమ్మా అని."

లోపల గడియ తీస్తున్న చప్పుడైంది.