సుంకమ్మ గుమ్మం మీది ఆకుదీపం

పొద్దున్నే తలుపు తీసిన ఓబులేశ్వరి ముందుగా చూసేది ఎదురింటి సుంకమ్మ గుమ్మం మీది ఆకుదీపాన్ని. ఈవేళ కూడా అది ముదురు పచ్చగా వెలుగుతోంది. తన దీపం మాత్రం పసుపు రంగు దాటలేదు. ఆమెకు కడుపు మండింది.

అనంతపురంలో ఇంటింటికీ ఆకుదీపాలు బిగించి ఇరవై ఏళ్ళయింది. వంటింటి గోడకుండే వంటసాక్షి అనే యంత్రం ఆ ఇంటి తిండికి ఎంత నేల, ఎంత నీరు ఖర్చయ్యాయో, ఎంత పొగ ఆకాశానికి చేరిందో కనిపెట్టి దీపానికి చెబుతుంది. గేదెపాలు కాచిన రోజు దీపం ఎర్రబడుతుంది, శనక్కాయ పాలకు పచ్చబడుతుంది. దాని పుణ్యమా అని ఎండిన బోర్లలో మళ్ళీ నీళ్ళు పడ్డాయి. ఆ మేలు ఎవరూ కాదనరు. కాకపోతే మనుషుల పరువు కూడా గుమ్మం మీదికెక్కి కూర్చుంది.

ఓబులేశ్వరి ఏం తక్కువ చేసింది? నెయ్యి మానేసింది. వరి మాని కొర్రలకు మారింది. గేదెపాల కాఫీ కోసం అత్తగారు అలిగి రెండు రోజులు మాట్లాడకపోయినా శనక్కాయ పాలే పోసింది. అయినా నిన్న భోజనం దగ్గర భర్త, “సుంకమ్మక్కను చూసి నేర్చుకోరాదా?” అన్నాడు.

ఈ సుంకమ్మ గుట్టేమిటో తేల్చుకోవాల్సిందే అనుకుని ఓబులేశ్వరి గిన్నె పట్టుకుని ఎదురింటికి వెళ్ళింది. పెరుగు తోడుకు వచ్చినవాళ్ళను ఎవరూ గుమ్మం నుంచే పంపెయ్యరు కదా.

“అక్కా, మా తోడు పులిసిపోయింది. రవ్వంత పెరుగు పెడ్తావా?”

సుంకమ్మ గోడ పట్టుకుని లేచింది. “పెరుగు యాడిదిమ్మా? తోడు పెట్టి శానా దినాలాయె.”

ఓబులేశ్వరి నమ్మలేదు. చొరవగా వంటింట్లోకి నడిచింది. శనక్కాయల నుంచి పాలు పిండే పాలమర మీద దుమ్ము పేరుకుంది. డబ్బాలో కొర్రలకు పురుగు పట్టింది. పొయ్యి పక్కన సగం తిన్న అరటిపండు, చెంబుడు నీళ్ళు. వంటసాక్షి తప్పేమీ చెప్పలేదు. తినని ఇంటికి నీళ్ళూ నేలా ఖర్చు కావు, దాని దృష్టిలో ఇంతకంటే మంచి ఇల్లు లేదు.

“ఏందక్కా ఇది? ఎన్నాళ్ళ నుంచి?”

“చెల్లెలు పోయినప్పటి నుంచి. నాలుగు నెలలాయె. ఇద్దరం ఒకే తట్టలో తింటా ఉంటిమి. ఒక్కదాన్నే కూచుంటే ముద్ద దిగల్యా.”

ఓబులేశ్వరికి తన మీద తనకే రోత పుట్టింది. పరుగున ఇంటికెళ్ళి కొర్రన్నం, పప్పు, శనక్కాయ పాల పెరుగు తెచ్చింది. ఒకటే కంచంలో వడ్డించి, ఎదురుగా కూర్చుని తానూ చెయ్యి పెట్టింది. సుంకమ్మ మెల్లగా తినసాగింది.

నాలుగు ముద్దలయ్యాక ఓబులేశ్వరి ఇక ఆగలేకపోయింది. “అక్కా, నేను తోడుకు రాలేదు. నీ దీపం చూసి కుళ్ళుకోని వచ్చినా. వీధంతా నిన్ను మెచ్చుకుంటాంటే ఓర్చుకోలేకపోయినా.”

సుంకమ్మ పెరుగన్నం కలుపుతూ తలెత్తింది.

“మెచ్చుకున్నోళ్ళంతా వాకిట్లో నుంచే పోయినారమ్మా. ఈ నాలుగు నెలల్లో లోపలికొచ్చింది నువ్వొక్కదానివే.”