కర్సర్ ఆగిన చోటు

"మౌస్ మాట వినడం లేదు, ఒకసారి వచ్చి చూసిపో" అని బావ ఫోన్ చేశాడు. కంప్యూటర్లు బాగుచేసే నాకు ఇలాంటి పిలుపులు కొత్త కాదు. సగం సార్లు మౌస్ కింద ఇరుక్కున్న వెంట్రుకే దోషి అవుతుంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక, అది ఏ మౌసో గుర్తొచ్చింది.

మా అక్కని చంపింది ఆ మౌసే. అంటే, బావ అందరికీ అలా చెప్పాడు.

బావ ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. అక్క అక్కడే చేపల పెట్టెలు సర్దేది. ఫ్రీజర్ గదుల తలుపులన్నీ బావ కంప్యూటర్‌లోంచే మూసుకుంటాయి. అక్క మూడో గదిలో ఉండగా తలుపు మూసుకుపోయింది. తెల్లారి తీశారు. "ఇంకో గది మూయబోతే కర్సర్ తనంతట తానే జారింది. తలుపులు అంత మందం, ఏనుగు తన్నినా వినపడదు. నాకేం తెలుసు?" అని తల బాదుకుని ఏడ్చాడు. అమ్మ కూడా నమ్మింది. నేనే నమ్మలేక, నమ్మకుండా ఉండలేక నలిగిపోయాను.

నేను వెళ్ళింది సెలవు రోజు మధ్యాహ్నం. లోపల ఒక్క నరపురుగు లేదు. కిటికీ లేని చిన్న గదిలో బావ కుర్చీ, అద్దం పరిచిన టేబులు, కంప్యూటరు. ఎదురుగా తెరిచి ఉన్న మూడో గది తలుపు. అందులోంచి చేపల వాసన, తెల్లటి పొగలాంటి చలి. మోటార్ల మూలుగు తప్ప చప్పుడు లేదు.

"రేపు ఎంక్వైరీ వాళ్ళొస్తున్నారు. మౌస్ చెడిపోయిందని నీ నోటితో చెప్పు, చాలు" అన్నాడు బావ. చేతిలో కొత్త తలుపు పిడి, స్క్రూడ్రైవర్. మూడో గదిలో లోపలివైపు పిడి ఊడిపోయి ఏళ్ళయింది; తలుపు పడితే లోపల దీపమూ ఉండదు, తీసే దారీ ఉండదు. బాగుచేయించమని అక్క అడగని రోజు లేదు. అప్పుడు దొరకని తీరిక ఇప్పుడు దొరికింది మహానుభావుడికి.

"బావా, కర్సర్ జారిందే అనుకో. నొక్కిందెవరు?" అన్నాను.

"నువ్వొచ్చింది మౌస్ చూడ్డానికి. మౌస్ చూడు." సెల్‌ఫోన్ చలికి పాడవుతుందని టేబుల్ మీద పడేసి లోపలికి వెళ్ళిపోయాడు.

చూశాను. మౌస్ కింద ఎర్ర వెలుగు ఉంటుంది కదా, దాని పక్కనే బుల్లి కెమెరా. కింద ఉన్నదాన్ని క్షణక్షణం ఫొటోలు తీస్తూ, ఎటు కదిలామో లెక్క కడుతుంది. అద్దం మీద దానికి కళ్ళు కనపడవు. అందుకే తెల్లకాగితం వేశాను. వదిలేసిన మౌస్ కదలకుండా ఉంది, తెరమీద కర్సర్ మాత్రం నడుస్తోంది. దాని కన్ను దూదితో తుడిచాను. నడుస్తోంది. నా మౌస్ తగిలిస్తే బుద్ధిగా ఉంది. మళ్ళీ పాతది పెట్టి, నా చున్నీ మడిచి దాని కింద వేశాను. అయినా నడుస్తోంది.

చెడిపోయిన మౌస్ పిచ్చిగా గెంతుతుంది. ఇది దారి తెలిసినట్టు వెళ్తోంది. ఎక్కడ వదిలినా మూడో గది 'మూయి' మీదికే వెళ్ళి ఆగుతోంది.

మౌస్ కదలకుండా కర్సర్ కదిలిందంటే ఒకటే అర్థం. కదులుతున్నది కిందున్నది.

ఆ బుల్లి కన్ను ఏం చూస్తోందో పెద్దది చేసి చూపించే ప్రోగ్రాం నా లాప్‌టాప్‌లో ఉంది. మౌస్‌ని దానికి తగిలించాను. బూడిదరంగు గళ్ళు వచ్చాయి. చున్నీ నేత కనపడాలి. కనపడలేదు. వంపులు తిరిగిన సన్నని గీతలు... పక్కపక్కనే... మెల్లగా జరుగుతూ.

వేలిముద్ర.

దాని మీద అడ్డంగా ఒక మచ్చ. ఆ మచ్చ నాకు తెలుసు. చిన్నప్పుడు నా పెన్సిల్ చెక్కుతూ అక్క బ్లేడుతో కోసుకున్న వేలు అది.

"అక్కా..." అన్నాను.

గీతలు ఒక్క క్షణం ఆగాయి. విన్నట్టు.

ఎందుకో నాకే తెలియదు, మౌస్ తీసి మళ్ళీ బావ కంప్యూటర్‌కి తగిలించాను. కర్సర్ తిన్నగా వెళ్ళింది. 'మూయి' మీద ఆగింది. అంతే. కింద నుంచి కర్సర్‌ని జరపడం వరకే అక్క వల్ల అవుతుంది. బొత్తం ఉండేది పైన. నొక్కడానికి పైన ఒక వేలు కావాలి.

అందుకోసం ఇన్నాళ్ళూ ఎదురుచూస్తోంది.

చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. మౌస్ కింద చున్నీ అంచు మీద మంచు పట్టింది...

"తేలిందా లేదా?" లోపల్నుంచి బావ కేక. "చెడిపోయిందని చెప్పడానికి ఇంతసేపా? మీ అక్కా ఇంతే. ఈ ముష్టి పిడి కోసం ప్రాణం తోడేసింది. నస... వదిలింది."

వదిలింది.

చెయ్యి మౌస్ మీద పెట్టాను. నొక్కాను.

తెర అడిగింది: 'లోపల ఎవరైనా ఉన్నారా?' అప్పుడర్థమైంది. ఆ రోజు బావ కూడా ఈ ప్రశ్న చూశాడు. జవాబు చెప్పాడు. కర్సర్ నా చేతి కింద తనే జారి 'లేరు' మీద ఆగింది. నొక్కాను.

తలుపు పడింది.

కాసేపటికి మొదలైంది. టక్, టక్, టక్... ఆగి మళ్ళీ. ఏనుగు తన్నినా వినపడదన్న తలుపులోంచి, బావ కుర్చీలో కూర్చున్న నాకు, స్పష్టంగా. అంటే ఆ రోజు కూడా వినపడే ఉంటుంది. వింటూ కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. కడుపులో మంట చల్లారేదాకా, ఆ చప్పుడు ఆగేదాకా.

మర్నాడు వచ్చినవాళ్ళకి, "కర్సర్ జారిందండీ" అన్నాను. అందరూ తలూపారు. ఆ మాట వాళ్ళకి ముందే నమ్మబలికింది బావే కదా.

ఇప్పుడిది మా ఇంట్లో, నా సొంత కంప్యూటర్ మీద రాస్తున్నాను. మౌస్ కొత్తది, ఆ చోటు మొహం చూడనిది. నిన్నటి నుంచి కర్సర్ ఎగురుతోంది. మూడుసార్లు... ఆగి మళ్ళీ మూడు. తుడిచాను. కాగితం వేశాను. చివరికి మౌస్‌ని వెల్లకిలా తిప్పాను. గాలి తప్ప ఎదురుగా ఏమీ లేకపోతే ఏ మౌసూ కర్సర్‌ని కదపలేదు.

ఎగురుతూనే ఉంది.

ఆ ఎర్ర వెలుగు మీద మెల్లగా నా వేలు పెట్టాను. చల్లగా... ఇంకో వేలు తగిలింది. అక్కే అనుకున్నాను. మచ్చ కోసం తడిమాను.

మచ్చ లేదు.