రెండు మెషిన్ల వాదులాట

"సర్వర్ని పరిగెట్టించడానికి హైదరాబాద్ నుంచి వచ్చారట. పరిగెట్టిందేటి, లేపోతే ఇంకా బతిమాలతన్నారా?"

వీరేంద్ర తలెత్తాడు. గుమ్మంలో ధనలక్ష్మి. పోర్టు రోడ్డులోని ఆ షిప్పింగ్ ఏజెంట్ల ఆఫీసులో సర్వర్ గది ఆమెది. జాలారిపేట పోతమ్మ కూతురు, చేపల వేటకెళ్ళే ఇంట్లో ఇంజనీరింగ్ చదివిన మొదటి పిల్ల. రెండువేల మూడు వానాకాలంలో నల్లకళ్ళద్దాలతో గదిలోకి వచ్చిన ఈ కన్సల్టెంటంటే ఆమెకు చూడగానే చిరాకు. పుట్టింది ఎలమంచిలి రైతు ఇంట్లోనట, మరి ఆ పట్నం యాసేమిటి?

"ఒకేసారి తెరవగల ఫైళ్ళ పరిమితి పెంచాను. డేటాబేస్‌కి మెమరీ ఎక్కువిచ్చాను. సాయంత్రం మీరే చూస్తారు."

"నెట్‌లో చూసి అంకెలు మార్చడం మా వీధి కుర్రాళ్ళూ సేత్తారు."

సాయంత్రానికి సర్వర్ నిజంగానే పరిగెట్టింది. దాంతో ఆమెకు ఒళ్ళు మరింత మండింది.

మర్నాడు ఆమె తన పని చూపించింది. సర్వర్ పడిపోతే, ఎందుకు పడిందో చెప్పే లాగ్‌లూ దానితోపాటే పోతున్నాయి. అందుకే వాటిని ఎప్పటికప్పుడు మూలనున్న పాత మెషిన్‌కి పంపే ఏర్పాటు చేసింది. మేనేజర్ గంగాధరరావు ముందే వీరేంద్ర నవ్వాడు.

"మనకి దగ్గొస్తే పక్కింటివాళ్ళకి చెప్పుకోవడమా?"

"ఇల్లు కూలిపోయాక ఎలా కూలిందో సెప్పేది పక్కింటోళ్ళే. కళ్ళద్దాలు తియ్యండి, కనపడతాది."

ఆ మరుసటి పొద్దున వానకి కరెంటు పోయి వచ్చింది. మెషిన్లన్నీ మళ్ళీ లేచాయి గానీ, కాసేపటికే సర్వర్ మొరాయించింది. రేవు బెర్తులో ఓడ, గేటు బయట లారీల వరస. సరుకు విడిపించే డెలివరీ ఆర్డర్ ఒక్కటీ ప్రింట్ కాదు.

"ఇది తేలకపోతే ఇద్దరూ ఇంటికే!" అని గంగాధరరావు అరిచి వెళ్ళాడు.

"అంతా మీ ట్యూనింగ్ సలవే" అంది ధనలక్ష్మి.

వీరేంద్ర సర్వర్‌లో తను చేసిన మార్పులన్నీ వెనక్కి తీశాడు. ఏమీ మారలేదు.

ఆమె పాత మెషిన్ తెర చూసింది. ఒకే వాక్యం, ఆగకుండా. సర్వర్ ఇటు పంపినదాన్ని పాత మెషిన్ అటే తిప్పి పంపుతోంది. సర్వర్ మళ్ళీ ఇటు పంపుతోంది. ఆ గోలలో నెట్‌వర్క్‌కి ఊపిరాడటం లేదు.

"ఇటు పంపమని నాను సెప్పాను. అటు పంపమని ఎవడు సెప్పాడు?"

"నానే."

ఆమె గిరుక్కున తిరిగింది. వీరేంద్ర పట్నం యాస పోయి ఊరి యాస వచ్చేసింది.

"ఈ పాతది ఎప్పుడు ఆగిపోద్దో తెలీదు. ఆగేముందు మీకు తెలవాలని, నిన్న సాయంత్రం దీని లాగ్‌లు సర్వర్‌కి పంపమన్నాను. మీ దగ్గర్నుంచి వచ్చినవీ తిరిగెళ్ళిపోతాయని సూసుకోలేదు. కరెంటు పోయొచ్చాక అమల్లోకొచ్చింది."

"మేనేజర్ ముందు నవ్వింది మీరు కాదేటి?"

"మీరన్నది నిజమని అప్పుడే తెలిసింది. ఒప్పుకోడానికి నామోషీ."

పాత మెషిన్లో అటు పంపమన్న ఆ ఒక్క వరస ఆమె తీసేసింది. ప్రింటర్ కదిలింది. గంగాధరరావు వచ్చి తప్పెవరిదంటే "నాది" అన్నాడు వీరేంద్ర.

"ఇద్దరిదీ. పాత మెషిన్లో ఎవరైనా వేలెట్టేలా వొగ్గేసింది నాను" అంది ధనలక్ష్మి, అతనివైపు చూడకుండా.

సాయంత్రం వాన తగ్గలేదు. టీకొట్టు రేకు కింద నిలబడ్డారు.

"నా పనయిపోయింది. సోమవారం ఎల్లిపోవాలి" అన్నాడతను.

"ఎల్లండి. ఎవరు పట్టుకున్నారు?"

"మీరు పట్టుకుంటే ఉండిపోతాను."

ఆమె టీ ఊదుకుంది.

"మా అమ్మనడగాల. ఆవిణ్ణి సూసాక నానే మెత్తనని తెలుసుకుంటావు."

ఆదివారం జాలారిపేట ఇసుకలో పోతమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "రైతుల పిల్లడివి. సేపల కంపు ఓర్సుకోగలవేటి?"

"ఓర్సుకుంటానమ్మా."

"ఓర్సుకునేవోడు మాకెందుకు? పిల్ల మీద ఇష్టముంటే రా, నేపోతే బస్సెక్కు."

"ఇష్టమేనమ్మా."

"మరి గుడ్లప్పగించి నిలబడ్డావేటి? అల్లుడివి కదా, ఆ గంపట్టుకో."

గంప ఎత్తగానే చేపల నీళ్ళు అతని తెల్లచొక్కా మీద కారాయి.

"ఎత్తడం కూడా రాదు" అని కసురుతూ ధనలక్ష్మి రెండోవైపు పట్టుకుంది.