కొంగున కట్టిన మచ్చు

సూర్యాపేట బైపాస్ మీద లాడ్జి గది. చీఫ్ కౌసల్య టీవీ సౌండ్ పెంచి, గొంతు తగ్గించింది.

"ఐదు ఆర్మీ ట్యాంకులు ట్రెయిలర్ల మీద పోతున్నాయి. మధ్యాహ్నం కోదాడ దగ్గర భోజనానికి ఆగుతాయి. అణుబాంబు పేలినా లోపలి జవాన్లకు రేడియేషన్ తగలనివ్వని ట్యాంకులు. విదేశీ ముఠా ఆ రేడియేషన్‌ను లోపలే పెట్టబోతోంది. చిటికెన వేలంత క్యాప్సూల్, డ్రైవర్ సీటు కింద."

"పెట్టేదెవరు?" అన్నాడు ఏజెంట్ క్రాంతి.

"పవన్. టైర్ల మెకానిక్ వేషంలో ఉంటాడు. వాడి చేతికి అందించేది మన డబుల్ ఏజెంట్ అనురాధ. చెయ్యి చాచగానే పట్టుకో."

మిషన్ అయ్యాక క్రాంతి, అనురాధ పెళ్లి చేసుకోవాలనుకుంటున్న సంగతి చీఫ్‌కు తెలియదు. తెలిసినా ఫైల్లో రాసుకునేది, అంతే.

"అది రేడియేషన్ అని ఆమెకు చెప్పారా?"

"ముఠా ఇచ్చిన బియ్యం ప్యాకెట్లో కంప్యూటర్ చిప్ ఉందన్నాను. నిన్న పొద్దుటి నుంచి ఆమె దగ్గరే ఉంది. సీసం డబ్బాలో వేసి కారు డిక్కీలో పెట్టమన్నాను. అసలు సంగతి చెబితే ఎవరు మోస్తారు?" కౌసల్య ఒక పెన్ను ఇచ్చింది. "రేడియేషన్ తగిలితే వణుకుతుంది. డిక్కీకి దూరంగా ఉండు."

కోదాడ. హోటల్ ముందు ఎర్ర కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, నెమలిరంగు పట్టుచీర. మిర్యాలగూడ బియ్యం ఎగుమతిదారు వేషంలో అనురాధ దిగింది. చూపు తిప్పుకోలేని అందం, ఆ రోజు ఎందుకో పాలిపోయింది.

బియ్యం కొనేవాడి వేషంలో క్రాంతి ఎదురొచ్చాడు. కోడ్ అడిగాడు.

"బియ్యం మచ్చు తెచ్చినవా?"

"తెచ్చిన. కింద వెట్టలే."

జేబులో పెన్ను గిలగిలా కొట్టుకుంది. డిక్కీ అంత దూరాన ఉంది. పెన్ను వణికింది ఆమెను చూసి.

"డిక్కీల పెట్టమన్నరు గద, అనూ?"

"మచ్చును డిక్కీల ఏస్తరా ఎవరన్న? మా నాయిన బియ్యం బ్రోకరు. బేరం కుదిరేదాక మచ్చు ఒంటి మీదనే ఉండాలంటడు. డబ్బాల నుంచి తీసి కొంగున ముడేసి నడుముకు చెక్కుకున్న. రాత్రి పండుకున్నప్పుడు గూడ ఇప్పలే." నవ్వింది. "పొద్దుగాల సంది వాంతులు. బిర్యానీ పడలే గావొచ్చు."

క్రాంతి ఒక అడుగు ముందుకు వేశాడు. "తీసెయ్. ఇప్పుడే."

"పవన్ సూస్తుండు. జర ఆగు."

ఆమె నడిచి వెళ్లింది. ట్రెయిలర్ ఇంజన్లు స్టార్టయ్యాయి. ట్యాంకు మూత పక్కన నిలబడ్డ పవన్ కిందికి వంగి చెయ్యి చాచాడు. ఆమె కొంగుముడి విప్పింది. ప్యాకెట్ వాడి వేళ్లకు తగలబోయేలోపు క్రాంతి వాడి మణికట్టు పట్టి కిందికి లాగాడు. మఫ్టీ పోలీసులు వాడి మీద పడ్డారు.

"బేరం ఖతమా?" అంది అనురాధ.

"ఖతం."

"అయితే ఇగ కింద వెడుత."

క్రాంతి ప్యాకెట్ లాక్కుని, డిక్కీలోని డబ్బాలో వేసి మూత బిగించాడు. తిరిగొచ్చేసరికి ఆమె కొంగు పక్కకు జరుపుకుని చూసుకుంటోంది. నడుము మీద అరచేతి వెడల్పున చర్మం కమిలిపోయి ఉంది.

"గిదేంది, క్రాంతీ?"

చెప్పాడు. చిప్ కాదని, ఏమిటో, ఏం చేస్తుందో అన్నీ చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. ట్రైనింగులో ముందుగా మాన్పించేది ఆ పనే.

ఆమె కళ్లద్దాలు తీసి అతని జేబులో పెట్టింది. "దవాఖానకు పోదాం పా. జర మెల్లగ నడుపు, కడుపుల తిప్పుతుంది."

ట్రెయిలర్లు కదిలాయి. ఒక కుర్ర జవాను ఎవరో అందమైన అమ్మాయి కనబడిందని ఆమెకు చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది.

దవాఖాన వరండాలో ఫోన్ మోగింది. చీఫ్.

"కంగ్రాట్స్, క్రాంతీ. మన వైపు నష్టం ఏమైనా ఉందా?"

క్రాంతి గాజు తలుపు వైపు చూశాడు. లోపల అనురాధ ఉంది, అతన్ని రానివ్వడం లేదు.

"ట్యాంకులకు గీత కూడా పడలేదు మేడమ్. నష్టం లేదని రాసుకోండి, మీకు అలవాటే."