బంట్వారం వలయాలు

తాండూరు స్టేషన్ వెనుక నాపరాళ్ల యార్డులో, వ్యాగన్లకు ఎక్కించడానికి నిలబెట్టిన రెండు బండల వరుసల మధ్య యోబు శవం కూర్చుని ఉంది. చెవి వెనుక ఒకే ఒక్క తూటా. సైలెన్సర్ వాడి ఉండాలి. పది గజాల దూరంలో చాయ్ తాగుతున్న హమాలీలకు ఏమీ వినపడలేదట.

తలకు రుమాలు, చేతిలో కొలత టేపుతో రాళ్ల బేరగాడి వేషంలో వచ్చిన చంద్రప్ప, పోలీసులు రాకముందే శవం ముందు ఒక్క నిమిషం మోకాళ్ల మీద కూర్చున్నాడు. యోబు ఆ యార్డులో గుమాస్తా. రెండేళ్లుగా గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషి. అతన్ని ఈ పనిలోకి దింపింది చంద్రప్పే. "ఊరికే కళ్లు తెరుచుకుని ఉండు, చాలు," అని చెప్పాడప్పుడు. ఇప్పుడా కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

యోబు ఎడమ చెప్పు అట్ట కింద మడిచిన కాగితం దొరికింది. 1959 ఆగస్టు నెల విమానాల టైంటేబుల్లోంచి చింపిన పేజీ అది. బొంబాయి–హైదరాబాద్ సర్వీసు, బుధవారం, రాక ఎనిమిది యాభై ఐదు. ఆ వరుస కింద పెన్సిల్ గీత. పక్కన యోబు దస్తూరీ: "రేడియో యంత్రం. నాపరాళ్ల పెట్టెలో వచ్చింది. వికారాబాద్‌లో దింపిండ్రు."

మర్నాడే బుధవారం.

సాయంత్రం పాసింజర్‌లో వికారాబాద్ వెళ్తూ చంద్రప్ప కిటికీ పక్కన కళ్లు మూసుకున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతనిది రూట్స్ డెస్క్. ఏ ఏడాది ఏ దారిలో ఏ విమానం ఎగిరిందో అడిగితే చాలు, కాగితం చూడకుండా చెప్పేవాడు. 1932లో టపా సంచులతో బయల్దేరిన ఒంటి ఇంజన్ పస్‌మాత్ విమానం ఏ ఊళ్లలో దిగేది? కరాచీ, అహ్మదాబాద్, బొంబాయి, బళ్లారి, మద్రాసు. 1948 జూన్‌లో బొంబాయి నుంచి లండన్‌కు మొదటిసారి లేచిన కాన్‌స్టలేషన్ విమానం మధ్యలో ఆగింది కైరోలో, జెనీవాలో. 1949 నుంచి నాలుగు నగరాల టపా విమానాలు అర్ధరాత్రి కలుసుకుని సంచులు మార్చుకునే ఊరు నాగపూర్.

అందరూ అది జ్ఞాపకశక్తి అనుకునేవారు. అతనికది మందు. ఒక ముఖం గుర్తుకు రాబోయినప్పుడల్లా ఊళ్ల పేర్లు వరుసగా చదువుకునేవాడు. కొన్నిసార్లు బళ్లారి దాకా వచ్చేసరికి ముఖం వెళ్లిపోయేది. ఈ రోజు మద్రాసు చేరినా పోలేదు. దాని పక్కన యోబు ముఖం కూడా వచ్చి చేరింది.

* * *

బుధవారం పొద్దున ఏడింటికి వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద ముసురు. బెంచీ మీద ఒకామె, నల్ల కళ్లద్దాలు, చేతుల్లేని జాకెట్టు, నీలం షిఫాన్ చీర. స్టేషన్‌లో ఉన్న ప్రతి మగవాడూ ఏదో వంకతో రెండోసారి అటు నడుస్తున్నాడు.

"నాపరాయి ఏ రంగుది కావాలి?" అని అడిగాడు చంద్రప్ప.

"వాన వెలిసినంక చెప్త," అంది రాహేలు. కోడ్ సరిపోయింది. "కళ్లెందుకు గట్ల ఎర్రగున్నయ్ సార్? నిద్ర పోలేదా, ఏడ్చినవా?"

రాహేలు పుట్టింది పెద్దేముల్‌లో. చదివింది మిషన్ స్కూల్లో. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీ కౌంటర్‌లో టికెట్లు రాస్తూ, అటు విదేశీ ముఠాకు ప్రయాణికుల పేర్లు అందించేది. ఇటు డిపార్ట్‌మెంట్‌కు ముఠా కబుర్లు అందించేది. ఎవరికి నిజం చెబుతోందో, ఎవరికి అబద్ధం చెబుతోందో రెండు పక్షాలకూ తెలియదు.

"పొద్దుగాల బొంబాయిల లేచిన డకోటా ఇమానంల అణుశక్తి వాళ్లు నలుగురున్నరు," అంది గొంతు తగ్గించి. "మొత్తం ఇరవై ఎనిమిది మంది. అనంతగిరి గుట్ట మీద మూలికలు ఏరుకునే ఒక దొర ఉన్నడు చూడు, డాక్టర్ కోల్. వాడే ముఠాకు పెద్ద. బేగంపేట బీకన్ ఏ సంకేతం పంపుతదో, గుట్ట మీదికెంచి గదే సంకేతం పంపుతడు."

చంద్రప్పకు మిగతాది చెప్పనక్కర్లేదు. కింద నేల కనపడనప్పుడు పైలట్ నమ్మేది విమానాశ్రయం నుంచి దారి చూపే ఆ రేడియో బీకన్‌నే. అది పంపే సంకేతం ఎటు ఉంటే విమానంలో ముల్లు అటు తిరుగుతుంది. దగ్గరి బీకన్ గొంతు పెద్దది కాబట్టి దూరపు బేగంపేట వినిపించదు. బీకన్ మీదుగా దాటి ముల్లు వెనక్కి తిరగగానే ఊరు వచ్చేసిందనుకుని పైలట్ కిందికి దిగడం మొదలుపెడతాడు. వానాకాలంలో పడమటి గాలి తోడుంటే పావుగంట ముందు రావడం వింత కాదు. కింద ఉండేది మాత్రం రన్‌వే కాదు, టేకు చెట్ల గుట్ట.

* * *

డాక్ బంగ్లాలో డిపార్ట్‌మెంట్ చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టేసరికి ఏడూ నలభై. బయట ఉన్నది ఒకే జీపు. వరండాలో ఆరుగురు సాయుధులు. బేగంపేటకు ట్రంక్ కాల్ అడిగితే లైను కలవడానికి గంట పైనే పడుతుందన్నారు. స్టేషన్ మాస్టర్ రైల్వే తంతి మీద కబురు పంపుతున్నాడు. అది చేతులు మారి కంట్రోల్ టవర్ చేరేసరికి ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు.

"ఈ బీకన్ కథ ఒక ట్రాప్," అన్నాడు చీఫ్, రాహేలు వైపు చూడకుండా. "మనల్ని బంట్వారం గ్రామం నుంచి దూరంగా పంపడానికి. అసలు ఆపరేషన్ ఇక్కడుంది."

బల్ల మీద ఒక ఏరియల్ ఫోటో పెట్టాడు. పోయిన వారం సర్వే విమానం తీసింది. బంట్వారం చేలలో ముదురు రంగు వలయాలు ఐదు, ఒకే వరుసలో.

"ల్యాండింగ్ మార్కింగ్. దొంగ విమానాలకు దిగే చోటు చూపే గుర్తులు. 1948లో ఏం చూశామో అదే. గుర్తుందిగా చంద్రప్పా? అప్పుడు పట్టింది నువ్వే."

గుర్తుంది. అది మరిచిపోవడానికే కదా, పదకొండేళ్లుగా ఊళ్ల పేర్లు చదువుకుంటున్నది.

ఆ ఏడాది కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాలు చీకట్లో నిజాం సర్కారుకు ఆయుధాలు తెచ్చి దింపేవి. పోలీస్ యాక్షన్ అయిపోయాక ఆ దిగిన చోట్ల కోసం డిపార్ట్‌మెంట్ వెతుకుతోంది. కొత్తగా చేరిన చంద్రప్ప ఫోటోల కట్టలో ఒకదాన్ని పక్కన పెట్టాడు. అనుమానంతో కాదు, చూడముచ్చటగా ఉందని. బంట్వారం జొన్న చేలలో వరుసగా ఐదు వలయాలు. అప్పటికి కుర్ర ఆఫీసరైన చీఫ్ దాన్ని లాక్కుని, "మై గాడ్, ల్యాండింగ్ మార్క్స్!" అని అతని భుజం తట్టాడు.

తాండూరులో పుట్టిన చంద్రప్పకు ఆ వలయాలేమిటో తెలుసు. రైతులు తమ చేలలో గొర్రెల మందను రాత్రిళ్లు నిలిపించుకుంటారు, ఎరువు కోసం. కాపరి చుట్టూ వల కట్టి మందను గుండ్రంగా ఆపుతాడు. ఒక రాత్రి ఇక్కడ, మరుసటి రాత్రి పక్కన. తర్వాత పైరు అక్కడ మాత్రం ముదురు పచ్చగా లేస్తుంది. ఇది చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ భుజం మీద చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనంలో వాక్యం గొంతు దాటలేదు.

మంద కాపరి బీరన్నను తీసుకొచ్చారు. ఆరు నెలలు అడిగారు. విమానం అనే మాటే సరిగా పలకలేని మనిషిని విమానాల గురించి అడిగారు. ఆఫీసు గేటు బయట అతని భార్య కొండమ్మ రొట్టెల మూటతో కూర్చునేది. చంద్రప్ప రోజూ ఆమె పక్క నుంచే లోపలికి నడిచాడు. బీరన్న ఇంటికి వెళ్లాక నెల రోజులే బతికాడు.

"టీమ్ బంట్వారం వెళ్తుంది," అంటున్నాడు చీఫ్. "అక్కడ ఉన్న వాళ్లందరినీ లోపలికి తీసుకోండి. ప్రశ్నలు తర్వాత."

"సార్," అన్నాడు చంద్రప్ప. "అవి గొర్రెలు."

"వాట్?"

"మంద నిలిపిన చోట్లు, సార్. పెంటికలు పడ్డచోట పైరు ముదురుగా ఉంటుంది. ఇవీ అవే." ఆగితే మళ్లీ చెప్పలేనని తెలిసి తొందరగా అన్నాడు, "1948లోవీ అవే."

రాహేలు కళ్లద్దాలు తీసింది.

"అప్పుడే తెలుసా నీకు?" అన్నాడు చీఫ్.

"తెలుసు, సార్."

"మరెందుకు చెప్పలేదు?"

"మీరు భుజం తట్టారు."

చీఫ్ ఫోటోను బోర్లా తిప్పి పెట్టాడు. "ఆ రిపోర్టు మీద నాకు ప్రమోషన్ వచ్చింది," అన్నాడు.

"నాకూ వచ్చింది, సార్."

చీఫ్ జేబులోంచి జీపు తాళం తీసి బల్ల మీద పడేశాడు. "నువ్వన్నది నేను వినలేదు. గుట్టకు వెళ్లు. టీమ్‌ని వెనకాల లారీలో పంపుతాను."

ఎనిమిదింపావు.

* * *

జీపు రాహేలు తోలింది. చంద్రప్ప ఒళ్లో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో ఇడ్లీలు, కింది మూడింటిలో సంకేతం ఎటు నుంచి వస్తోందో పట్టే డైరెక్షన్ ఫైండర్. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని క్యారియర్‌ను అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఏమీ లేదు.

"ఇరవై ఎనిమిది మంది ఉంటే నోరు తెరిచినవ్," అంది రాహేలు, బురద మలుపులో స్టీరింగు తిప్పుతూ. "ఒక్కడున్నప్పుడు తెరవలేదు. గంతేనా లెక్క?"

అతను కరాచీ నుంచి ఊళ్ల పేర్లు మొదలుపెట్టాడు. అహ్మదాబాద్ దగ్గరే ఆగిపోయాయి.

ఎనిమిదీ ముప్పైకి చెవిలో సంకేతం మొదలైంది. బేగంపేట గుర్తే, కానీ చెవి పగిలేంత గట్టిగా. క్యారియర్ తిప్పాడు. ఒక వైపుకు తిప్పగానే చప్పుడు సన్నబడి మాయమైంది. అది మాయమైన వైపే యంత్రం ఉంటుంది. "ఎడమకు!"

జీపు టేకు చెట్లలోకి దూరింది. పాడుబడ్డ ఫారెస్టు గార్డు గుడిసె. దాని మీదుగా రెండు చెట్ల మధ్య బిగించి కట్టిన రాగి తీగ. గుడిసె ముందు రెయిన్‌కోటు తొడుక్కున్న పొడవాటి మనిషి, చేతిలో పిస్టల్. పడమట మేఘాల లోపల రెండు ఇంజన్ల మోత.

జీపు ఆగగానే చల్లటి ఇనుము చంద్రప్ప కణతకు తగిలింది. రాహేలు చేతిలో చిన్న రివాల్వర్.

"డాక్టర్!" అని ఇంగ్లీషులో కేకేసింది. "రూట్స్ డెస్క్ మనిషిని మీకోసం తెచ్చాను."

చంద్రప్ప ఆశ్చర్యపోలేదు. ఒక్క క్షణం ఊరట లాంటిది కూడా కలిగింది. ఎవరో చివరికి తీర్పు చెప్పారని. ఆ ఊరటను చూసి అతనికే అసహ్యం వేసింది. తను పోతే లెక్క తేలిపోతుందేమో కానీ, పైన ఇరవై ఎనిమిది మంది ఉన్నారు.

కోల్ నవ్వి పిస్టల్ దించాడు. దించిన మరుక్షణం రాహేలు రివాల్వర్ కణత మీంచి కదిలి పేలింది. కోల్ మణికట్టు పట్టుకుని బురదలో కూలబడ్డాడు.

"సూస్తవేంది సార్! తీగ!"

యంత్రం ఉన్న గుడిసె తలుపుకు పెద్ద తాళం. మోత తల మీదికి వచ్చేసింది. దాటింది. ఇంజన్ల గొంతు తగ్గింది. పైలట్ దిగడం మొదలుపెట్టాడు. డకోటా దిగేటప్పటి ఆ గొంతు చంద్రప్పకు తన ఊపిరంత తెలుసు. రాహేలు కిందికి దూకింది. అతను స్టీరింగు వెనక్కి జరిగి, తీగ కట్టిన సన్నపాటి టేకు చెట్టు మీదికి జీపును తోలాడు. ఒకసారి. చెట్టు ఊగింది. వెనక్కి లాగి రెండోసారి. వేరుతో సహా చెట్టు ఒరిగింది, తీగ టప్పున తెగింది. చెవిలో సంకేతం ఆగిపోయింది.

మలుపు తిరిగి వస్తున్న విమానం పొట్ట మేఘం చీల్చుకుని కనిపించింది. టేకు చెట్ల కొనలు గాలికి పడుకున్నాయి. చంద్రప్ప క్షణాలు లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఇంజన్లు గర్జించాయి. పైలట్ ముందున్న ముల్లు అసలు బేగంపేట వైపు తిరిగి ఉండాలి. డకోటా ముక్కెత్తి, మళ్లీ మేఘంలోకి ఎక్కి, తూర్పుకు తిరిగింది.

"ఇంతకూ నువ్వు ఎవరి పక్షం?" అడిగాడు చంద్రప్ప, జీపు దిగి.

"నిన్నటిదాంక ఇద్దరి పక్షం," అంది రాహేలు, కోల్ చేతిని అతని మఫ్లర్‌తోనే కడుతూ. "యోబన్న మా పెద్దేముల్ ఆయన. నాకు అక్షరాలు నేర్పిండు. నిన్నటికెంచి ఒక్కటే పక్షం."

* * *

శుక్రవారం చంద్రప్ప మొదట పెద్దేముల్ వెళ్లి యోబు ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాడు. అక్కణ్నుంచి వేషం లేకుండా, సొంత బట్టల్లో, బంట్వారం వెళ్లాడు.

కొండమ్మ చేను గట్టున గొర్రె పిల్ల కాలిలోంచి ముల్లు తీస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. అతన్ని చూసి కళ్లు చిట్లించింది.

"ఎవలు?"

చెప్పాడు. పేరు, ఉద్యోగం, ఫోటో, వలయాలు, భుజం మీద చెయ్యి. అంతా ఒక్క గుక్కలో. ఆమె ముల్లు తీయడం ఆపలేదు.

"గొర్లు అరుస్తున్నయ్. ఇనరాలే. మళ్లొక్కసారి చెప్పు."

మళ్లీ చెప్పాడు. రెండోసారి కష్టమైంది. సాకులు మొదటిసారే అయిపోయాయి.

"గట్లనా," అందామె. పిల్లను వదిలేసింది. అది కుంటుతూ తల్లి దగ్గరికి పోయింది. "నీకు ఎరికే గద, గవి గొర్ల మంద అని?"

"ఎరికే."

"నాకూ ఎరికే. ఊరందరికీ ఎరికే. అయినా దొంగ ఇమానాలకు తొవ్వ సూపినోళ్లని మా మందను ఒక్కడు గూడ చేన్ల పెట్టనియ్యలే. సర్కారే అన్నంక ఉత్తగ ఎట్లయితది అన్నరు. పదకొండేండ్లకు, గీ ఏడు, ఒక్కడు పిలిచిండు. గీ చెలకల్నే. ఐదు రాత్రులు."

చంద్రప్ప చేను వైపు చూశాడు. నిలబడి చూస్తే వలయాలు కనపడవు. ఒకచోట కొంచెం ముదురు పచ్చ, అంతే. మొన్న జీపు ఇటు వచ్చి ఉంటే ఎవరిని ఎక్కించుకునేదో అప్పుడు అర్థమైంది.

"నన్ను ఏమన్నా అను, అమ్మా," అన్నాడు.

"ఏమంట? తిడితే నీకు పానం సల్లవడ్తది. నీ బరువు దించుకునేతందుకు వచ్చినవ్, నేనెందుకు ఎత్తుకుంట?" కొండమ్మ గొంగడి భుజాన వేసుకుని లేచింది. "నాకు చెప్తే ఏమొస్తది, నాకు ఎరికైన ముచ్చటనే. చావిడి కాడ అందరు కూసున్నరు. ఆడ చెప్పు. గట్టిగ చెప్పు. పటేల్‌కు చెవుడు."

సర్వీసులో చేరిన రోజు రహస్యాలు బయటపెట్టనని కాగితం మీద సంతకం చేసిన మనిషి, ఆమె వెనుక గొర్రెల మధ్య నడిచాడు. చావిడి దగ్గర ముప్పై మంది దాకా తల తిప్పి చూశారు. చంద్రప్ప మెట్టెక్కి, పటేల్‌కు వినపడేలా, బీరన్న పేరుతో మొదలుపెట్టాడు.

పదకొండేళ్లలో అతను బయటపెట్టిన ప్రభుత్వ రహస్యం అదొక్కటే. దానికోసం ఏ శత్రుదేశమూ ఎన్నడూ ప్రయత్నించలేదు.