ఇన్వర్‌కార్గిల్ బ్లడ్ శాంపిల్స్

“చింతపండు వచ్చిందా, ఆంటీ?”

“ఇంకా షిప్‌లోనే ఉంది, నాయనా.”

కోడ్ సరిపోయింది. మౌంట్ రాస్కిల్‌లో డైరీ అని పిలిచే ఆ చిల్లరకొట్టు వెనకగదిలోకి ఏజెంట్ భార్గవ్ చటుక్కున దూరాడు. కౌంటర్లో పాలూ బ్రెడ్డూ అమ్మే రాజ్యం ఆంటీయే అతని చీఫ్. అది 2016, ఆయిస్టర్లనే తినే ఆల్చిప్పల సీజన్.

“ఇన్వర్‌కార్గిల్ వెళ్లాలి. ఇవాళే,” అందామె. “ఒంట్లో ఇనుము పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు మీద డాక్టర్ సావిత్రి రీసెర్చ్ చేస్తోంది. రక్తం తీసి ఇనుము తగ్గించినా ఆ పేషెంట్ల కీళ్లు అరుగుతూనే ఉంటాయి. ఆ అరుగుదలని ముందే పట్టిచ్చే గుర్తు, ఓ మార్కర్, ఆమెకి రక్తంలో దొరికింది. వాలంటీర్ల శాంపిల్స్ రేపు ఫైనల్ టెస్టుకి ఫ్లైట్ ఎక్కుతున్నాయి. ఓ విదేశీ ముఠా వాటిని మార్చేయబోతోంది. టెస్టు ఫెయిలైతే ఆమె పని ఆగిపోతుంది. అసలువి వాళ్లు అమ్ముకుంటారు.”

“వాళ్ల మనిషెవరు?”

“వాలంటీర్లలో ఒకరు. దొంగ పేషెంట్. రిపోర్టులన్నీ పక్కా.”

“మరెలా పట్టుకోను?”

“అది నాకు తెలిస్తే నువ్వెందుకు?”

మర్నాడు ఇన్వర్‌కార్గిల్‌లో వాలంటీర్లకి సావిత్రి ఇచ్చే లంచ్. అతికించిన మీసంతో భార్గవ్ వెయిటరయ్యాడు. కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీలోంచి శాంపిల్స్ ఎక్కించిన కొరియర్ వ్యాన్ కనిపిస్తోంది. సావిత్రి భర్త గ్రాహంకీ అదే జబ్బు; రెండు చేతులతో కప్పు పట్టుకుని టీ తాగుతున్నాడు. చూపుడువేలు, మధ్యవేలు మొదళ్లలోని కీళ్లు వాచిపోయాయి. అతని తుంటికీళ్లయినా దక్కుతాయన్న ఆశతోనే ఆమె ఇన్నేళ్లు కష్టపడింది.

“ఆయిస్టర్లు బాగా వేయించండి,” వంటగదిలో సావిత్రి అంటోంది. “పచ్చివైతే వాటిలోని క్రిములు ఒంట్లో ఇనుముతో బలిసి వీళ్ల ప్రాణం మీదికొస్తుంది. జబ్బు బయటపడిన రోజే ఏ డాక్టరైనా చెప్తాడు.”

జబ్బే లేనివాళ్లకి ఎవరు చెప్తారు?

భార్గవ్ ఓ పళ్లెం పచ్చివి తీసుకుని బయల్దేరాడు. మనవాళ్ల పెళ్లిపంక్తిలోలా కొసరి కొసరి అడిగాడు. “ఒక్కటి, నా మాట కోసం!”

“నో థాంక్స్, మేట్!” అందరూ వెనక్కి జరిగారు.

ఎర్రకోటు సుందరి నటాలీ మాత్రం నిమ్మకాయ పిండి రెండు మింగేసింది. వాచీ చూసుకుని బయటికి జారుకుంది.

భార్గవ్ పరుగెత్తాడు. ఆమె కారు గేటు దాటుతోంది. వ్యాన్ కదిలింది. కీచైన్‌లోని జామర్ నొక్కాడు. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి.

కారు డిక్కీలో, వ్యాన్లో ఒకే రకం ఐస్‌బాక్సులు; మార్పిడి అప్పటికే జరిగిపోయింది. డిక్కీలోని దాని మీద తన సీలు గుర్తుపట్టిన సావిత్రి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చేసింది.

“వద్దంటే తెలుగువాళ్లు బాధపడతారని ట్రైనింగ్‌లో చెప్పారు,” అంది నటాలీ, సంకెళ్లకి చేతులు చాపుతూ.

గ్రాహం గబగబా వచ్చి షేక్‌హ్యాండ్‌కి చెయ్యి చాచాడు. భార్గవ్ ఆ వాచిన వేళ్లకేసి చూసి, చెయ్యి కలపకుండా రెండు చేతులూ జోడించాడు.

“శాంపిల్స్ కంటే దీనికే పెద్ద థాంక్స్, మేట్,” అన్నాడు గ్రాహం.