మాటకి సెలవు

“సార్, మీరు చెప్పినదాంట్లో ఒక మాట మధ్యలో చొక్కా మార్చుకుంది.”

కుర్ర వకీలు గబుక్కున తన చొక్కా వంక చూసుకున్నాడు.

“నా చొక్కానా?”

“మీది కాదు, మీ మాటది” అంది బల్లకు అటువైపు కూర్చున్న మధ్యవర్తి.

కోర్టులో అతన్ని అందరూ గారడీ అని పిలుస్తారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఎదుటి వకీలు చేత కూడా ఒప్పించగల ఘనుడు. వాదనకు ముందు ఒకసారి రాజీకి ప్రయత్నించమని కోర్టు పంపితే, మొహం ముడుచుకుని ఈ రాజీ కేంద్రానికి వచ్చాడు.

తగువు చిన్నదే. తల్లి పోయాక, ఆవిడ నడిపిన బొత్తాలూ లేసుల దుకాణం కోసం అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. అక్క తరఫున గారడీ వచ్చాడు. చెల్లెలు వకీలును తెచ్చుకోలేదు, కోపాన్ని మాత్రం బోలెడు తెచ్చుకుంది.

“మళ్ళీ చెప్తాను వినండి మేడమ్” అన్నాడు గారడీ. “దుకాణం నువ్వు చూసుకో అని తల్లి అక్కకే చెప్పింది. చూసుకునేవాళ్ళకి అక్కడ ఏం చెయ్యాలో తేల్చే హక్కుంటుంది. హక్కు ఎవరిదో దుకాణం వాళ్ళది. సింపుల్ లాజిక్.”

“మొదట్లో హక్కంటే ఏ సరుకు తేవాలో తేల్చే హక్కు. చివరికొచ్చేసరికి అది సొంతం చేసుకునే హక్కయి కూర్చుంది. మాట ఒకటే, చొక్కాలు రెండు. నేను ఊరెళ్తూ ఇల్లు చూసుకోమని పక్కింటావిడకి తాళాలిస్తాననుకోండి. తిరిగొచ్చి తలుపు కొడితే, ఎవరు కావాలమ్మా అని ఆవిడ నన్నడగొచ్చా?”

చెల్లెలు కిసుక్కున నవ్వింది. అక్కకీ నవ్వొచ్చింది కానీ తన వకీలు మొహం చూసి ఆపుకుంది.

“పోనీ దుకాణం ఎవరిదో మీరే చెప్పండి” అన్నాడతను ఉక్రోషంగా.

“నేను చెప్పను. మా గదికో పద్ధతుంది. ఏ మాట దగ్గర గొడవ ముదురుతుందో ఆ మాటకి సెలవిచ్చేస్తాం. ఇవాళ ‘నాది’ అన్న మాటకి సెలవు. అది వాడకుండా, ఎవరికేం కావాలో ఇద్దరూ చెప్పండి.”

అక్కాచెల్లెళ్ళు నోళ్ళు తెరిచారు, మూశారు. ఆ ఒక్క మాటా తీసేస్తే చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ మిగల్లేదు. గారడీ లోలోపల సంబరపడ్డాడు.

చివరికి అక్కే మొదలుపెట్టింది. “పొద్దున్నే వెళ్ళి ఆ షట్టర్ ఎత్తితేగానీ నాకు తెల్లారినట్టుండదు. అమ్మ కుర్చీలో కూర్చుని బొత్తాలు రంగుల వారీగా వేరు చేసుకుంటాను. అది కూడా లేకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు.”

“నిన్ను వెళ్ళొద్దని ఎవరన్నారే?” అంది చెల్లెలు. “గోడలకి రంగు మార్చేశావు. బస్సులో వెళ్తూ చూశాను నేను. అమ్మ దగ్గరుండి వేయించుకున్న రంగు అది. ఒక్క మాట చెప్పుంటే వచ్చి చివరిసారి చూసుకునేదాన్ని కదా.”

“అంతేనా?”

“అంతే.”

అక్క తన కుర్చీని చెల్లెలి వైపు తిప్పుకుంది. “పెచ్చులూడిపోతుంటే వేయించానే. బీరువా వెనకాల మాత్రం పాత రంగే ఉంది. దాన్ని జరపడం మా వల్ల కాలేదు.”

“చూడొచ్చా?”

“పద. తాళాలు సంచిలోనే ఉన్నాయి.”

ఇద్దరూ చేతులు పట్టుకుని బయటికి నడిచారు. గారడీ కొయ్యబారిపోయాడు. అతను ఎన్నో కేసులు గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ ఎదురుగా ఒక ఓడిపోయిన మొహం ఉండేది. ఎవరూ ఓడకుండా తగువు తీరడం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం. తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఏమైంది సార్?”

“ఏమో మేడమ్. కూర్చుని చూసేది కాదనిపించింది.”

ఆమె మొదటిసారి నవ్వింది. అంతే, మనవాడి పని అయిపోయింది.

అప్పటినుంచి గారడీకి రాజీ మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. ఏ కేసు దొరికినా పట్టుకుని అక్కడికే పరుగెత్తేవాడు. ఒక సాయంత్రం జోరుగా వాన పట్టుకుంది. వరండాలో టీ మెషీన్ పక్కన ఇద్దరే మిగిలారు. ఉన్న ఒక్క గొడుగూ ఆమెది.

“నేనంటే మీకు చిరాకా?” అడిగాడతను.

“చిరాకేం లేదు.”

“చిరాకు లేదంటే ఇష్టమే కదా. ఇష్టం ముదిరితే ప్రేమ. ప్రేమించినవాళ్ళు పెళ్ళి చేసుకుంటారు. మరి మీవాళ్ళతో ఎప్పుడు మాట్లాడమంటారు?”

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

“సరదాగానే ఉంది కానీ నాకు భయమేసింది” అంది నెమ్మదిగా. “రేపెప్పుడో నేను దేనికో వద్దంటాను. మీరు దాన్ని తిప్పి తిప్పి, నా నోటితోనే సరే అనిపిస్తారు. నేను మనస్ఫూర్తిగా అన్నాననే అనుకుంటారు కూడా. అలాంటి ఇంట్లో నా మాటకి నేను ఎంతకాలమని కాపలా కాసుకోను? నాకోసం ఇక కేసులు తీసుకురాకండి.”

అతనికి రెండు మూడు జవాబులు దొరికాయి కానీ అన్నీ గారడీలే. ఆమె గొడుగు వేసుకుని మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత అతను అటువైపు వెళ్ళలేదు. ఒక మధ్యాహ్నం కోటు బొత్తాం ఊడిపోతే అక్కాచెల్లెళ్ళ దుకాణానికి వెళ్ళాడు. బీరువా పక్కకి జరిపి ఉంది. దాని వెనక గోడ మీద పాత ఆకుపచ్చ రంగు అలాగే ఉంది. దాని ముందు స్టూలు మీద మధ్యవర్తి కూర్చుని కర్టెన్లకు లేసు చూసుకుంటోంది.

“మీరున్నారని తెలీదు. తర్వాత వస్తాను” అని వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది.

“ఈ వానలో ఎక్కడికి బాబూ, కూర్చో” అంది అక్క. “అంత మాటకారివి, ఇవాళేంటి నోట్లో నాలుక లేనట్టున్నావు?”

“ఏం చెప్పను అక్కా. ఈవిడంటే నాకు ప్రేమ...”

“ఆ మాటకి సెలవు” అంది చెల్లెలు, లేసు చుడుతూ.

గారడీ మధ్యవర్తి వైపు తిరిగాడు.

“పోయిన వారం ఒక కేసు గెలిచాను” అన్నాడు ఆమెతో. “అందరూ భుజం తట్టారు. ఎలా గెలిచానో మీతో చెప్పుకోలేనని గుర్తొచ్చి ఆ పూట తిండి సయించలేదు. ఇప్పుడు నోరు తెరిచే ముందు, ఈ మాట మీకెలా వినిపిస్తుందో అని ఆగుతున్నాను. మా అమ్మయితే నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది. ఆ రోజు మీ గదిలో లేచి నిలబడ్డాను కదా, లోపల ఇంకా అలాగే నిలబడి ఉన్నాను. మీ పక్కన బతకాలని ఉంది. మీరు వద్దంటే వద్దనే వింటాను. తిప్పను.”

ఆమె లేసు చివర వేలికి చుట్టుకుంది. “కేసులు తేవద్దన్నాను. అంతేగానీ, మిమ్మల్ని రావద్దనలేదే.”

పాత గారడీకి ఆ సందు చాలు, పెళ్ళి పందిరిదాకా అల్లుకుపోయేవాడు. అక్క కళ్ళు పెద్దవి చేసి, ఇంకేం, అందుకో అన్నట్టు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

“రావద్దనలేదు కాబట్టి రమ్మన్నారని నేననుకోను. మీ మనసులో ఏముందో మీరే చెప్పండి. ఎంతసేపైనా ఆగుతాను.”

ఆమె అతన్నే చూస్తూ స్టూలు మీంచి లేచి నిలబడింది.

“ఏమైందండీ?” అన్నాడు కంగారుగా.

“కూర్చుని వినేది కాదనిపించింది” అంది ఆమె. కళ్ళు చెమ్మగిల్లాయి. “రమ్మంటున్నాను. మా అమ్మానాన్నలతో మాట్లాడ్డానికి రండి. ఎవరూ తిప్పితే అనడం లేదు, నాకే కావాలి.”

“ఇంక ఆ మాటని సెలవులోంచి పిలిపించొచ్చుగా?” అంది చెల్లెలు.

గారడీకి ఆ మాటే కాదు, ఏ మాటా రాలేదు. అక్క అతని కోటు తీసుకుని, రంగు కలిసే బొత్తాం వెతికి కుట్టసాగింది. వాన ఎప్పుడు తగ్గిందో ఎవరూ చూడలేదు.